మా అత్తను ఎవరూ క్షమించనక్కర్లేదు

అత్త పోయిందని పోయిన వారం ఫోన్‌లో తెలిసింది. సౌదీ తబూక్‌లో పనిచేసిన మా కడప వైపు వాళ్ళందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఆమె కూతురు వాయిస్ పెట్టింది. "మా అమ్మ తెల్లారుజామున పోయింది. ఆయాసం ఎక్కువై ఆస్పత్రి దావలోనే పోయింది. ఆమెను ఎరిగినోళ్ళందరికీ చెప్తాండా." అంతే ఉంది. నేను గిన్నెలు తోముతూ విన్నాను. చేతులకు సబ్బు ఉండగానే మళ్ళీ విన్నాను.

ఇంకోసారి విందామని ఫోన్ తెరిస్తే కింద ఒక జవాబు వచ్చి ఉంది. "మంచి మనిషి. డీజిల్ కాడ ఏదో ఆశపడి తప్పు చేసింది. పోయినోళ్ళ మీద కోపమెందుకు, అందరం క్షమిద్దాం." రాసినది అక్కడ పనివాళ్ళ మీద పెత్తనం చేసిన మా పాత ఫోర్మన్. ఏడుస్తున్న బొమ్మ కూడా పెట్టాడు. దాని కింద వరసగా దండాల బొమ్మలు.

క్షమిస్తాడంట.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ గ్రూపులో ఇంతవరకు ఒక్క మాట రాయలేదు. మగవాళ్ళు నలుగురు ఉన్నచోట మాట్లాడాల్సి వస్తే ఇప్పటికీ లేచి వంటింట్లోకి పోతాను. కానీ అత్త గురించి ఆ నాలుగు ముక్కలే మిగిలిపోతే నాకు అన్నం సయించదు. అందుకే ఇది రాస్తున్నాను. ఫోర్మన్ పేరు మాత్రం రాయడం లేదు. దయతో కాదు. అత్త మీద రాసే కాగితంలో అతని పేరుకు చోటు ఇవ్వడం ఇష్టం లేక.

ఆమె మా ఆయన తల్లి కాదు. మాకు వీసా ఇచ్చిన సౌదీ యజమాని, కఫీల్ అంటాం, ఆయన ఇంట్లో నాకంటే చాలా ఏళ్ళ ముందు నుంచి వంట చేస్తున్న మనిషి. మా ఆయన కఫీల్ కంపెనీ వీసా మీద డ్రైవర్. పెళ్ళయిన మరుసటి ఏడాది నన్ను అదే ఇంటికి పనిమనిషి వీసా మీద రప్పించాడు. వచ్చిన కొత్తలో వంటింటి వెనక తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తుంటే ఆమె గరిటె చేతిలో పట్టుకొని వచ్చింది.

"ఏం మే, ఏడ్సేదానికి వచ్చినావా, పనికి వచ్చినావా? ఏడుపుకైతే మన ఊర్లో తావు ల్యాకపాయనా?"

నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఏమని పిలవాలో తెలియక "అత్తా" అన్నాను. ఆమె, "సరే, అత్తనే. అత్తనంటే ఆరళ్ళు పెడతా, ఓర్చుకో" అని ఉల్లిగడ్డల గంప నా ముందు పెట్టింది. ఆ ఇంట్లో నన్ను మొదట నవ్వించింది ఆమే.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అని రాస్తారు. అత్త అలాంటిది కాదు. ఎవరు తనను ఏమన్నా, నన్ను ఏమన్నా, ఆమె మరిచిపోదు. అరవదు, ఎదురు చెప్పదు, తల వంచుకొనే ఉంటుంది. తర్వాత ఎప్పుడో, ఎక్కడో, చిన్నగా తీర్చుకుంటుంది. ఒకసారి కఫీల్ భార్య మేడమ్ వైపు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన బంధువులావిడ, కాఫీ ఒలికిందని అందరి ముందు నా చెయ్యి గిల్లింది. కమిలిన చోట అత్త నూనె రాసింది. ఆ సాయంత్రం ఆవిడ పెళ్ళికి వేసుకునే గౌను ఇస్త్రీకి వచ్చింది. అత్త దాన్ని ఎంతో శ్రద్ధగా ఇస్త్రీ చేసి, నడుము దగ్గర హుక్కులన్నీ ఒక్కొక్క పోగు మీద నిలిచేటట్టు వదిలింది. పెళ్ళి నుంచి ఆవిడ పైన అబాయా విప్పకుండానే తొందరగా ఇంటికి వచ్చేసింది. అత్త ఎదురు వెళ్ళి, చాలా మర్యాదగా, భోజనం వడ్డించమంటారా అని అడిగింది.

"అట్ల చెయ్యొచ్చా అత్తా? మనం క్షమించాల గదా?" అన్నాను ఆ రోజు.

"క్షమించేదానికి దేవుడుండాడు మే. ఆయప్పకు వేరే పని ల్యా. మనకు బోలెడు పనుండాది."

ఇంకో మాట కూడా అనేది. "గమ్మునుండేది వేరే, మర్సిపోయేది వేరే. నువ్వు రెండూ ఒకటే అనుకుంటాండావు, అందుకే నిన్ను అందరూ గిల్లేది."

ఇక డీజిల్ సంగతి. ఫోర్మన్ రాసింది దాని గురించే కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

మా కఫీల్‌ది పాత ఇల్లు. శీతకాలంలో గదులు వెచ్చగా ఉండడానికి వెనక ఒక బాయిలర్, దాని పక్కన నేలలో పూడ్చిన డీజిల్ ట్యాంకు ఉండేవి. వేడి నీళ్ళు గొట్టాల గుండా అన్ని గదులకూ వచ్చేవి. పనివాళ్ళ గదుల్లో కూడా గోడకు ఒక ఇనుప పలకల పెట్టె ఉండేది. అత్త రాత్రి తడి బట్టలు దాని మీదే ఆరేసేది. డీజిల్ ధర పెరిగాక కఫీల్ విసిగి, ఇంటికి గ్యాస్ పెట్టించాడు. పనంతా ఫోర్మన్ చేతుల మీదుగా జరిగింది. పెద్ద ఇంటికి కొత్త గొట్టాలు వేయించి, మా గదుల వైపు వచ్చే గొట్టాన్ని మాత్రం కోయించి మూత బిగించాడు. అత్త అడిగింది.

"మాకు ల్యాదా నాయనా?"

"మీకెందుకత్తా గ్యాస్? పొద్దస్తమానం పొయ్యి కాడనే ఉంటివి గదా. ఆడనే పండుకో, ఎచ్చగుంటాది."

పక్కన ఉన్న అతని బామ్మర్ది గట్టిగా నవ్వాడు. అత్త కూడా నవ్వింది. "పండుకుంటాలే నాయనా. టీ తాగుతావా?" అంది. ఆ రోజు నుంచి ఫోర్మన్‌కు ఆ ఇంట్లో వేడి టీ దొరకలేదు. గోరువెచ్చగా, అడుగు పొడితో సహా వచ్చేది. అడిగితే, "చలికి సల్లారిపోతాండాది నాయనా, గ్యాస్ ల్యాకపాయె" అనేది.

తబూక్‌లో ఆ శీతకాలం బకెట్లో నీళ్ళు తెల్లారేసరికి పైన గట్టి పొర కట్టేవి. అత్తకు ఆయాసం ఆ చలిలోనే మొదలైంది. ఇది డాక్టరు చెప్పిన మాట కాదు, నేను చెప్తున్న మాట. క్షమించే ఆయన ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగి చదవాలి.

పాత ట్యాంకులో డీజిల్ ఇంకా చాలా మిగిలింది. కఫీల్ ఫోర్మన్‌కు చెప్పింది నేను గ్లాసులు తీస్తూ విన్నాను. మట్టిలో పొయ్యొద్దు, బావి నీళ్ళు పాడవుతాయి. పాత నూనె తీసుకుపోయే ట్యాంకర్‌ను పిలిపించి ఇచ్చెయ్. తర్వాత ట్యాంకు కడిగించి ఇసుకతో నింపించు. ఫోర్మన్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, చిత్తం అన్నట్టు "హాజిర్" అన్నాడు.

తర్వాత మా ఆయన దగ్గరకు వచ్చి, "ట్యాంకర్ లారీ బాయిలర్ దాకా రాదు తమ్ముడూ. నువ్వు చేతి పంపుతో డ్రమ్ముల్లోకి ఎత్తి గొర్రెల కొట్టం వెనకాల పెట్టు. వాళ్ళొచ్చి ఆడ నుంచి తీసకపోతారు" అన్నాడు. మా ఆయన చెప్పిన పని చేసే మనిషి. పంపు అందినంతవరకు లాగి మూడు డ్రమ్ములు నింపాడు.

ట్యాంకర్ రాలేదు. కొన్నాళ్ళకు కఫీల్ ట్యాంకు మూత తీయించి చూశాడు. అడుగున నల్లటి మడ్డి తప్ప ఏమీ లేదు. ఏమైందని అడిగితే ఫోర్మన్, "డ్రైవర్‌ను అడగండి. ట్యాంకు తాళం చావి వాని కాడ ఉంటాది. వాని బట్టలు వాసన చూడండి" అన్నాడు. కఫీల్ మా ఆయన ముఖం చూసి, ఆదివారం లోపల డీజిల్ ఎక్కడుందో చెప్పు, లేకపోతే పోలీసులకు అప్పజెప్తాను అన్నాడు.

ఎందుకు చేశాడో మాకు అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఆ ఏడాది నితాఖత్ లెక్కల్లో, అంటే సౌదీ వాళ్ళను ఎంతమందిని పనిలో పెట్టుకున్నారని సర్కారు చూసే లెక్కల్లో, కఫీల్ కంపెనీ ఎరుపులో పడింది. పరాయి దేశం పనివాళ్ళ మీద కట్టే లెవీ కూడా పెరిగింది. డ్రైవర్లలో ఒకరిని పంపించెయ్యాలి అని అనుకుంటున్నారు. ఉన్నది ఇద్దరు డ్రైవర్లు. ఒకరు మా ఆయన, ఇంకొకరు ఫోర్మన్ బామ్మర్ది.

ఆ సాయంత్రం ఫోర్మన్ మా గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నేను తెర వెనక ఉన్నాను.

"సూడు తమ్ముడూ, నీ మంచికే చెప్తాండా. ఎగ్జిట్ మీద సంతకం పెట్టి, వీసా వదిలేసి గమ్మున ఊరికి పో. కేసు పడితే దొంగ అని ముద్ర పడతాది. మళ్ళ ఏ దేశమూ రానీయదు. నేను కఫీల్ కాళ్ళు పట్టుకోనైనా మాఫీ చేయిస్తా."

"నువ్వు చెప్పినట్లే కదన్నా డ్రమ్ముల్లో పోసింది?" అన్నాడు మా ఆయన.

"నేనా? ఎప్పుడు? ఎవరు ఇన్నారు?"

ఆ రాత్రి మా ఆయన అన్నం ముట్టలేదు. "పెట్టేస్తా సంతకం. పోదాం పద" అన్నాడు. పోవడానికి నాకు భయం లేదు. దొంగ పెండ్లామని అందరూ చూస్తుండగా మా ఊళ్ళో బస్సు దిగడం మాత్రం నా వల్ల కాదనిపించింది. పొద్దున్నే అత్త దగ్గరకు పరుగెత్తాను.

"అత్తా, డ్రమ్ములు ఇంకా కొట్టం వెనకనే ఉండాయి. కఫీల్‌కు చూపిద్దాం."

"చూపిస్తే ఏమంటాడు? 'ఇదిగో సార్, దొంగనాకొడుకు ఈడ దాచినాడు' అంటాడు. ఆడ పెట్టింది నీ మొగుడే గదా? చూపించేది కాదు మే. అవి నావి అని వాని నోటితోనే రావాల."

"ఎట్ల వస్తాది?"

"నాకూ తెలీదు. బియ్యం కడుగు."

ఆ రోజే మధ్యాహ్నం దగ్గరలో తోట కౌలుకు చేసుకుంటూ డీజిల్ ఇంజనుతో నీళ్ళు పెట్టుకునే ఒకాయన వచ్చాడు. ఫోర్మన్ అతన్ని నేరుగా గొర్రెల కొట్టం వెనక్కి తీసుకెళ్ళాడు. అత్త ఎవరూ అడగకుండానే టీ తీసుకుని వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముఖం చూసి నాకు భయమేసింది. అంత సంతోషంగా ఉంది.

"శనివారం పొద్దున వ్యాన్ తెస్తాడంట. దొంగ సరుకని తెలిసే బేరమాడతాండాడు. డ్రమ్ము మూత తీసి పైపైన వేలు ముంచి వాసన చూసినాడు మే. పైపైనే."

ఆమె పెళ్ళయిన కొత్తలో వాళ్ళ ఊరి స్టోరు డీలరు కిరసనాయిల్లో నీళ్ళు కలిపి పోసేవాడట. సీసాలో పైకి నూనే కనిపించేది. స్టవ్వులో పోస్తే సగం వంటలో చిటపటమని ఆరిపోయేది. నీళ్ళు ఎప్పుడూ అడుగునే ఉంటాయి. వంట సరిగా చెయ్యలేదని ఆమె మొగుడితో తిట్లు తినేది. ఆ డీలరును ఏమీ చెయ్యలేకపోయానన్న కోపం ఆమెకు ముసలితనం దాకా ఉంది.

"ఆ దొంగ నేర్పిన ఇద్దె ఈ దొంగకు పనికొస్తాది. రేపు శుక్రవారం. ఇంట్లోవాళ్ళు పెద్దాయన ఇంటికి బువ్వకు పోతారు. ఫోర్మన్ టౌన్లో బిర్యానీకి పోతాడు. నీ మొగునికి చెప్పొద్దు. వాని ముఖంలో అన్నీ కనపడతాయి."

శుక్రవారం మధ్యాహ్నం మేమిద్దరం ఆ పని చేశాం. చేతి పంపుతో ఒక్కో డ్రమ్ములోంచి సగం డీజిల్ లాగి బకెట్లలో పట్టాం. పారబోయలేదు. "మన పగ వాని మీద, కఫీల్ సొమ్ము మీద కాదు" అని అత్త అంతా మళ్ళీ పాత ట్యాంకులోకే పోయించింది; దాని చావి మా ఆయన చొక్కాలోంచి తీసి తెచ్చాను. ఆయాసానికి మధ్యమధ్యలో కొట్టం గోడ పట్టుకుని నిలబడేది. కూర్చో అత్తా అంటే, "కూసోను. దీని కోసమే నాకు ఊపిరి ఉండాది" అనేది. తర్వాత చెట్లకు పట్టే రబ్బరు పైపు తెచ్చి డ్రమ్ముల్లో పెట్టాం. నీళ్ళు అడుక్కి దిగిపోయాయి, డీజిల్ పైకి లేచి మూతిదాకా వచ్చింది. అత్త వేలు ముంచి వాసన చూసి, తోటాయన మాదిరే కళ్ళు మూసుకుని తల ఊపింది. గొర్రెలు చూస్తుండగా మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

చేతుల వాసన సబ్బుకు పోలేదు, నిమ్మకాయకు పోలేదు. అత్త అరబ్బుల ఇళ్ళల్లో ధూపం వేసే బఖూర్ ముట్టించి మా బట్టలన్నిటికీ పొగ పట్టించింది. సాయంత్రం మేడమ్ వచ్చి ముక్కు ఎగబీల్చి, ఎవరి పెళ్ళి అని అడిగింది.

"ఇంకా కాలేదు, ఆదివారం" అంది అత్త తెలుగులో, నా వైపు తిరిగి.

శనివారం వ్యాన్ వచ్చింది, డ్రమ్ములు ఎత్తుకుని వెళ్ళింది. ఆదివారం పొద్దున కఫీల్ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎగ్జిట్ కాగితం ముందు పెట్టి ఉంది. మా ఆయన చేతిలో పెన్ను ఉంది. ఫోర్మన్ పక్కన నిలబడి సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తున్నాడు. నేనూ అత్తా వంటింటి కిటికీ దగ్గర ఉన్నాం. వ్యాన్ రావడం లేదు. నేను తలుపు వైపు కదిలాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"వస్తాడు. నీళ్ళు తాగిన ఇంజను గమ్మునుండదు."

మా ఆయన పెన్ను మూత తీస్తుండగా గేటు బయట హారన్ మోగింది. ఆగకుండా మోగింది. తోటాయన వ్యాన్‌ను లోపలికే తెచ్చేశాడు. దిగుతూనే సగం అరబీ, సగం ఉర్దూలో అరుపులు. మోటారు చచ్చిపోయింది, పైరు ఎండిపోతోంది, నీళ్ళు అమ్ముతావా నాకు, అని ఫోర్మన్ చొక్కా పట్టుకున్నాడు. ఒక డ్రమ్మును వ్యాన్ మీద నుంచి కిందికి తోశాడు. వాకిలంతా నీళ్ళు పారాయి, పైన రంగురంగుల జిడ్డు తేలుతూ.

కఫీల్ లేచి నిలబడ్డాడు. ఫోర్మన్ ఆ నీళ్ళ వైపే చూస్తున్నాడు. అతనికి నిజంగా అర్థం కాలేదు. ఆ క్షణం అతను ఊరుకుని ఉంటే, ఈయన ఎవరో నాకు తెలియదు అని ఉంటే, ఏమయ్యేదో చెప్పలేను. కానీ మోసం చేసేవాడికి తనను ఎవరైనా మోసం చేస్తే ఓర్చుకోవడం రాదు.

"నీళ్ళెట్ల వస్తాయి? నేను అమ్మింది అసలు డీజిల్! నా చేతులతో మూత బిగించినా!" అని అరిచాడు, అందరికీ అర్థమయ్యే అరబీలో.

కిటికీ దగ్గర అత్త కళ్ళు మూసుకుంది. పాట వింటున్నట్టుగా వింది.

కఫీల్ ముందుకు వచ్చాడు. మా ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, మిగతా డీజిల్ ఏమైందని ట్యాంకు తెరిపించి చూస్తే అందులో కనిపించింది. ఇది ఇందులోకి ఎలా వచ్చిందని అత్తను అడిగాడు. "వల్లా, నేను వంట మనిషిని" అని ఒట్టేసింది అత్త. కఫీల్ మా కిటికీ వైపు, మళ్ళీ అత్త వైపు చూసి, గడ్డం నిమురుకుని లోపలికి వెళ్ళాడు. ఆ వారమే పాత నూనె తీసుకుపోయే లారీ వచ్చింది. పొడుగాటి గొట్టం విప్పి, గేటు బయట నుంచే బాయిలర్ దాకా పరిచి, మడ్డితో సహా అంతా లాగేసింది. ట్యాంకును ఇసుకతో నింపారు. పనివాళ్ళ గదులకు కరెంటు హీటర్లు వచ్చాయి.

ఆ తోటలో ఇంజను విప్పి కడగవలసి వచ్చింది అక్కడ పనిచేసే ఒక నిజామాబాద్ అతనికి. అతనికి మాత్రం అత్త చాలా రోజులు మా ఆయన చేత కూర పంపించింది. "వానికీ మనకూ పగ ల్యా" అని. ఇదీ ఆమె లెక్క. ఎవరికి ఎంత ఇవ్వాలో ఆమెకు తెలుసు.

ఇది రాస్తున్నానని తెలిసి మా ఆయన, "పోనీలేవే, ఇప్పుడెందుకు" అన్నాడు. ఆయన మంచి మనిషి. నేను అత్త దగ్గర పెరిగాను. కాబట్టి ఈ కాగితాలన్నీ ఫోటో తీసి గ్రూపులో పెడతాను. దండాలు పెట్టిన వాళ్ళందరూ చదవాలి. ఆ డీజిల్ కాడ ఆశపడింది ఎవరో, అరిచి ఒప్పుకున్నది ఎవరో, ఆమె కూతురికి తెలియాలి. అత్తను క్షమించే పని ఫోర్మన్ పెట్టుకోనక్కర్లేదు. ఆయన్ని క్షమించే పని నేనూ పెట్టుకోను.

ఆ ఆదివారం తర్వాత కఫీల్ పోలీసుల దాకా పోలేదు. మా ఆయనకు రాసిన ఎగ్జిట్‌ను ఫోర్మన్‌కు మార్చాడు. వెళ్ళే రోజు ఫోర్మన్ పెట్టె పక్కన పెట్టుకుని గేటు దగ్గర కారు కోసం నిలబడ్డాడు. అప్పటికి చలి తగ్గి ఎండ బాగా కాస్తోంది. కారు ఆలస్యమైంది. చివరికి వంటింటి వైపు తిరిగి, "అత్తా, కాసిని నీళ్ళు" అన్నాడు.

అత్త గాజు గ్లాసు కడిగి, చల్లటి నీళ్ళు నిండా పోసి, కింద పళ్ళెం పెట్టి మరీ తీసుకెళ్ళింది. "తాగు నాయనా" అంది. అతను గ్లాసు అందుకున్నాడు. నోటి దగ్గర పెట్టుకోబోయి ఆగాడు. ఎండకు ఎత్తి చూశాడు. పైన ఏమైనా తేలుతోందా అని తిప్పి చూశాడు. వాసన చూశాడు. అత్త చేతులు కట్టుకుని, ఎంతసేపైనా ఉంటాను అన్నట్టు ఎదురుగా నిలబడింది. అవి వట్టి మంచినీళ్ళు. అతను ఇంకోసారి వాసన చూశాడు.